తల్లిదండ్రుల వరస

“ఇది వాలంటీర్ల తల్లిదండ్రులు కూర్చునే వరసండీ,” అన్నాడు బ్యాడ్జీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు.

“ఎరుకే బాబూ. తల్లిదండ్రులమే,” అన్నాడు సారయ్య.

కుర్రాడు తటపటాయించి పక్కకు జరిగాడు. సారయ్య, అతని భార్య రుద్రమ్మ, ఇంటర్ చదివే కూతురు మానస పోయి ముందు వరసలో కూర్చున్నారు. పంజగుట్టలో ఉన్న ఆ విశ్వవిద్యాలయం సమాజసేవ విభాగం ఏటా జరిపే సభ అది. ఉత్తమ వాలంటీరును ఇంటివాళ్లతో కలిపి వేదిక మీదికి పిలుస్తారు. ఏసీ చలికి రుద్రమ్మ కొత్త చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

పక్క సీటు పెద్దమనిషి పలకరించాడు.

“నా పేరు హనుమత్ప్రసాద్ అండీ. అమీర్‌పేటలో ఉంటాం. మా తారక్ ఈ విభాగంలోనే చేస్తున్నాడు. మీరేం చేస్తుంటారు?”

“సెవెన్ సీటర్ ఆటో నడుపుత సార్, ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట దాక. గీ సాఫ్ట్‌వేర్ కోర్సుల పిల్లలే మాకు గిరాకీ.”

“మీ అబ్బాయా, అమ్మాయా?”

“బిడ్డ సార్. పెద్దది. మైక్రోబయాలజీ చదువుతది.” ఆ మాట చెబుతుంటే సారయ్య వెన్ను నిటారైంది.

“చాలా సంతోషం. మొదటి ఏడాది నుంచీ చేస్తోందా?”

“ఏడ తీసుకున్నరు సార్? నిన్ను జూస్తే బస్తీల పిల్లలు జడుసుకుంటరు అన్నరు. కావాల్నంటే ఆఫీసుల కూసోని ప్యాకెట్లు కట్టుమన్నరు.”

“అలా ఎవరన్నారండీ?”

“గప్పుడున్న లీడర్లే. దాని రంగు జూసి ఒక నవ్వు, మాట ఇని ఒక నవ్వు.”

హనుమత్ప్రసాద్ సీట్లో కదిలాడు. హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో ఇక్కడి యాస విని తన ఇంట్లోనూ నవ్వుకున్నవాళ్లే అందరూ.

“రంగుదేముందండీ, మా వాడూ నలుపే,” అన్నాడు.

“అమీర్‌పేటల హాస్టలు సుత దొరకలే సార్. నా ఆటోల దినమంత తిరిగినం, రూములు ఖాళీగున్నా మొఖం జూసి లేవనిరి.”

“ఇల్లుండగా హాస్టలెందుకండీ?”

“గందుకే మా ఇంట్లనే ఉంటది,” అంది రుద్రమ్మ మాట అందుకుని. “గదే మంచిగైంది. చికున్‌గున్యా వచ్చినప్పుడు అది లేకపోతే మా బస్తీ ఏమైపోవునో.”

ఆ వానాకాలం బస్తీలో మంచం పట్టని ఇల్లు లేదు. కీళ్లు పట్టేసి రుద్రమ్మ నీళ్ల గ్లాసు కూడా ఎత్తలేకపోయింది. వాలంటీర్లు ఒకసారి వచ్చి, పండ్లు పంచి, ఫొటోలు దిగి వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆ అమ్మాయి మాత్రం కాలేజీ నుంచి రాగానే ఇంటింటికీ తిరిగేది. నిలవ నీళ్లు పారబోయించింది. డ్రమ్ములకు గుడ్డలు కట్టించింది. లేవలేనివాళ్లను సారయ్య ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. మొదట్లో ఆమెను చూసి తలుపులు వేసుకున్నవాళ్లే తర్వాత కబురు పెట్టి పిలిపించుకున్నారు.

సంగతి తెలిసి, సేవా విభాగం చూసే లెక్చరర్ వసుమతి బస్తీకి వచ్చింది. వాకిట్లో ఆ అమ్మాయి చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. ఒక చిన్నది మెడ పట్టుకుని వీపు మీద వేలాడుతోంది.

“నువ్వు మా విభాగంలో ఎందుకు చేరలేదమ్మా?” అని అడిగింది వసుమతి.

“వస్తనన్న మేడమ్. నన్ను జూస్తే పిల్లలు జడుసుకుంటరన్నరు.”

“ఎవరు జడుసుకుంటరక్కా?” అంది వీపు మీది చిన్నది.

మర్నాడే వసుమతి వాలంటీర్లందరినీ కూర్చోబెట్టింది. “ఊళ్లో అందరికీ సేవ చేస్తామని బయల్దేరాం. మన తరగతిలో పిల్లనే బయట నిలబెట్టాం. ఇదేం సేవ?” అని నిలదీసింది. రంగు, కులం, భాష, ప్రాంతం చూసి ఎవరినీ ఆపడానికి వీల్లేదంది. మణిపూర్ పిల్లలు, ఉర్దూ మీడియం పిల్లలు చేరారు. పండ్లు పంచుతూ ఫొటోలు దిగడం ఆగిపోయింది. ఏ పని కావాలో బస్తీవాళ్లే చెప్పాలని సారయ్యను కమిటీలో కూర్చోబెట్టింది.

“మా వాడు ఇంట్లో నోరు విప్పడండీ. ఇవేమీ చెప్పలేదు,” అన్నాడు హనుమత్ప్రసాద్. “మరి ఆ లీడర్లు?”

“గిప్పుడు దానెంబడే తిరుగుతరు. ఆదివారమొస్తే మా ఇంట్లనే తింటరు. నేను నాలుగు మాటలందామనుకున్న సార్. అదే వద్దన్నది.”

వేదిక మీద వసుమతి మైకు అందుకుంది. ఆ ఏటి ఉత్తమ వాలంటీరు పేరు చదివింది. వెనక వరసల్లో బస్తీవాళ్లంతా ఒక్కసారి లేచారు. చప్పట్లలో, ఈలల్లో పేరు కలిసిపోయింది.

“వాళ్ల అమ్మానాన్నలు కూడా వేదిక మీదికి రావాలి,” అంది వసుమతి.

రుద్రమ్మ కళ్లు తుడుచుకుంది. “నడువు, బిడ్డ సూస్తున్నది,” అన్నాడు సారయ్య. ఇద్దరూ తలెత్తుకుని మెట్లెక్కారు.

కెమెరాలవాళ్లు అడ్డంగా నిలబడటంతో హనుమత్ప్రసాద్‌కు వేదిక కనబడలేదు. చప్పట్లు కొడుతూనే మానస వైపు వంగాడు.

“పేరు సరిగా వినపడలేదమ్మా. ఏమన్నారు?”

“వంజీరు, అంకుల్.”

“ఎప్పుడూ వినలేదే. ఎక్కడి పేరమ్మా అది?”

మానస వేదిక మీది నుంచి చూపు తిప్పలేదు.

“మా అక్కది కెన్యా.”