నోలా ఆంటీ పిట్ట ప్లేటు

"ఇదేంటి లీలా, ప్లేటు మళ్ళీ వచ్చిందా?" హాస్పిటల్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ద్వారకానాథ్ బూట్లు విప్పుతూ భార్యని అడిగాడు.

"వచ్చింది. ఈసారి ఒకే ఒక్క నిమ్మకాయతో!" అంది లీల. ఏడవడమొక్కటే తక్కువ.

పక్కింటి నోలా ఆంటీది ఆ ప్లేటు. పాతకాలపు ఇంగ్లండ్ పింగాణీ ప్లేటు. మీగడ రంగు, మధ్యలో కొమ్మ మీద వాలిన ఎర్ర పిట్ట బొమ్మ. మొదటిసారి దాన్నిండా కేకు ముక్కలు పెట్టి ఇస్తూ, "మా నాయనమ్మది. చూశావా ఈ పిట్టని?" అందావిడ. అంత పాత వస్తువు, పగిలితే ఇంకేమన్నా ఉందా! లీల ఆ సాయంత్రమే కడిగి, తుడిచి, వట్టి ప్లేటు ఇవ్వకూడదు గనక పులిహోర పెట్టి మరీ ఇచ్చేసింది. నోలా మొహం చిన్నబోయింది.

వారం తిరక్కుండా అదే ప్లేటులో నాలుగు బిస్కట్లొచ్చాయి. పులిహోర కారమైంది కాబోలనుకుని లీల ఈసారి కొబ్బరుండలు పట్టుకెళ్ళింది.

"నీకు నచ్చలేదా డియర్?" అంది నోలా, ప్లేటు అందుకోకుండానే.

"నచ్చకపోవడమేంటి ఆంటీ! ఒక్కటి కూడా మిగల్చలేదు."

ఆవిడ అయోమయంగా చూసింది. లీల కూడా అంతే అయోమయంగా ఇంటికొచ్చింది.

ఇప్పుడేమో నిమ్మకాయ.

"కేకు పోయి బిస్కట్లు, బిస్కట్లు పోయి నిమ్మకాయ! ఆవిడకి నామీద మనసు విరిగిందండీ."

"నీ పులిహోర పవర్ అలాంటిది మరి," నవ్వాడు ద్వారకానాథ్.

"జోకులొద్దు. ఆస్ట్రేలియాకి, ఈ టూవూంబా ఊరికి వచ్చిన కొత్తలో ఈ స్ట్రీట్‌లో నన్ను పలకరించింది ఆవిడొక్కతే. పక్కన కూర్చుని డ్రైవింగ్ నేర్పింది. వాళ్ళ గేటుకే కారు గుద్దేస్తే, గేటు పాతదిలే అంది. అలాంటి మనిషిని పోగొట్టుకుంటానా?" అంది లీల.

మర్నాడు శనివారం. ఉప్పూ కారం ఆచితూచి వేసి, గారెలు వండి, ప్లేటు నిండా పేర్చి తీసుకెళ్ళింది. నోలా గారెల వంక చూడనే లేదు. "సరే డియర్," అని ప్లేటు తీసుకుని తలుపేసుకుంది.

ఆ వారమంతా ఆవిడ బయట కనిపించలేదు. పై శనివారం పొద్దున్నే వాళ్ళింటి ముందు సామాన్ల ట్రక్కు ఆగింది. లీల కిటికీలోంచి చూసింది. మాట మాత్రమైనా చెప్పకుండా వెళ్ళిపోతోందా? అంత తప్పు తనేం చేసింది?

పరుగున వచ్చి తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరో నడివయసావిడ, చేతిలో పిట్ట ప్లేటుతో నిలబడి ఉంది.

"నేను జెన్నీని, నోలా కూతుర్ని. అమ్మని నాతో పెర్త్ తీసుకెళ్తున్నా. ఇది మీకివ్వమంది."

ప్లేటులో ఈసారి ఏమీ లేదు. నిమ్మకాయ కూడా లేదు. లీలకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"అయ్యో, ఒక్క నిమిషం ఆగండి, ఇంట్లో అరిసెలున్నాయి, పెట్టిచ్చేస్తాను," అంటూ ప్లేటు లాక్కుని హడావిడిగా వంటింటి వైపు తిరిగింది.

జెన్నీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొదటి రోజు నుంచీ అమ్మ మీకిస్తోంది ఈ ప్లేటునే!"