ఆసామి అడిగిన మాట

“యజమాని ఎంత గొప్పోడైనా, పనోడు తన్ను గొప్పోడని ఒప్పుకోవాలని చూస్తాంటాడని ఒక జర్మన్ తత్వవేత్త రాసినాడు నాయనా. ఫ్రెంచోళ్ళు ఆ మాటను పనోడి పక్క నుంచి మళ్ళీ చదివినారు. నా పరిశోధన దానిమీదే,” అంది ఎలిజబెత్.

వేరుశనగ కాయలు ఒలుస్తున్న తండ్రి యేసన్న చేయి ఆగింది.

“మన ఆసామి చచ్చిపోయేముందు నన్ను పిలిపించినాడు. ‘నేను మంచోన్నేనా యేసన్నా?’ అని అడిగినాడు.”

“ఏం చెప్పినావు?”

“ఏమీ చెప్పలే. ఏడ్చినాడు. అయినా చెప్పలే.”

“ఎందుకు?”

“నలభై ఏండ్లు ఆయప్ప చేన్లో పని చేసినా. ఎట్లుండావని ఒక్కపూటన్నా అడిగినాడా? ఆయప్ప ఒక్కడేనా, ఎవరడిగినారు నన్ను?”

ఇంటికొచ్చి రెండు రోజులైనా తనూ అడగలేదని ఎలిజబెత్‌కు అప్పుడు తట్టింది. తనూ గుప్పెడు కాయలు తీసుకొని ఒలవసాగింది.