గుండెనొప్పి వేషం

సత్తయ్యకు ఈసారి వచ్చిన వేషం గుండెనొప్పి.

మంఖాల్ బాగోతంలో ఆయన కట్టని వేషం లేదు. కీచకుడు, దుర్యోధనుడు, మనిషి తక్కువైన ఏడాది ద్రౌపది కూడా. కానీ దవాఖానలో ఆడటం ఇదే మొదలు. ఆ మాటకొస్తే దవాఖాన గడప తొక్కడమే మొదలు. అరవై ఏళ్ల ఒంట్లో సూది దిగనివ్వలేదని ఊళ్లో చెప్పుకుంటాడు. అడక్కపోయినా చెబుతాడు.

కబురు తెచ్చింది చెల్లెలి కూతురు మాధవీలత. విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ హైవే పక్కన లేచిన పెద్దాస్పత్రిలో, ఎమర్జెన్సీలో నర్సు.

"గుండెనొప్పి, పక్షవాతం, ఒంట్లకు విషమెక్కే జ్వరం. ఈ మూడిట్ల ఏదొచ్చినా గడియ ఆగొద్దు మామా. మావోళ్లు ఎంత జల్ది కదులుతరో చూసేతందుకు ఉత్తుత్తి రోగులను తోలుతున్నరు. డ్రిల్లు అంటరు. డాక్టర్లకు ముందుగాల చెప్పరు. పోయినసారి జల్‌పల్లి ఆయన వచ్చిండు. మంచమెక్కంగనే నవ్విండు. దొరికిండు."

"నవ్విండా?" సత్తయ్యకు రోత పుట్టింది. "గసొంటోడు వేషమెందుకు కట్టాలె? నేనొస్త."

"నువ్వు కూడ దొరుకుతవ్," అంది భార్య అనంతమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"నేనా?"

"దొరికితే వచ్చే బాగోతంల దుర్యోధనుని కిరీటం చెన్నయ్యకియ్యాలె. ఒప్పుకుంటవా?"

చెన్నయ్య ఎన్నో ఏళ్లుగా ఆ కిరీటం మీద కన్నేసిన మనిషి. ఇప్పటిదాకా శకునిని దాటి రాలేదు. సత్తయ్య ఒప్పుకున్నాడు.

మాధవీలత ఒక్కటే కిటుకు చెప్పింది. "డాక్టరు ఏమడిగినా అల్లి చెప్పకు మామా. నీ ఒంట్లె ఉన్నదే చెప్పు. అల్లినోళ్లే దొరుకుతరు."

మర్నాడు పొద్దున మొగుడూ పెళ్లాలు ఆటో ఎక్కారు. తుక్కుగూడ దాటాక సత్తయ్య మూలుగు అందుకున్నాడు.

"గంత రాగమెందుకు?" అంది అనంతమ్మ. "నొచ్చేటోనికి గొంతెక్కడ లేస్తది?"

"నాకు వేషం నేర్పుతవానే?"

అన్నాడే గాని తగ్గించాడు. తగ్గించాక బాగా కుదిరింది. ఆటో దిగి గుమ్మం చేరేసరికి చొక్కా తడిసిపోయింది. రంగు పూయకుండా, దీపాల వేడి లేకుండా చెమట పట్టించిన వేషగాడు చుట్టుపక్కల ఊళ్లలో ఎవడున్నాడు?

డాక్టర్ కార్తీక్ పరుగున వచ్చాడు. కుర్రవాడు. కోస్తా మనిషి. "అండీ" లేకుండా మాట ముగించడు.

"నొప్పి ఎప్పటినుంచండీ?"

"పొద్దుగాల్నుంచి రొమ్ము మీద బరువు పెట్టినట్టుంది సార్. పొలం గట్టెక్కితే వారం సంది దమ్ము ఆడ్తలేదు. ఎడమ చెయ్యి గుంజుతది."

కిటుకు ప్రకారం అన్నీ నిజాలే. నిజాన్ని ఇంత బాగా పలికినందుకు సత్తయ్యకు తన మీద తనకే ముచ్చటేసింది.

ఛాతీకి వైర్లు తగిలించారు. నమలమని మాత్ర ఇచ్చారు. అంతలో మాధవీలత సూది పట్టుకుని వచ్చింది.

"సూది సంగతి చెప్పలేదేందే?" పళ్ల సందున గొణిగాడు సత్తయ్య.

"నొప్పి ఉన్నోడు సూది వద్దంటడా మామా? అను మరి. దొరుకుతవ్."

చెన్నయ్య నెత్తిన కిరీటం కనబడింది. సత్తయ్య చెయ్యి చాపాడు. ఊళ్లో చెప్పుకోవడానికి ఇక ఆ మాట లేకుండా పోయింది.

యంత్రం కాగితం కక్కింది. అది చూసి డాక్టరు ముఖం మారింది. ఎవరికో ఫోన్ చేసి ఇంగ్లిష్‌లో గబగబా మాట్లాడాడు. ఇద్దరు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. సత్తయ్య చెవుల్లో బాగోతం జనం ఈలలు మోగాయి. డాక్టరును నమ్మించడం సరే, యంత్రాన్ని నమ్మించిన వేషం ఎక్కడైనా ఉందా?

డాక్టరు వంగి మెల్లగా చెప్పాడు. "పెద్దాయనా, మీ గుండెకి రక్తం వెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందండీ. మణికట్టు దగ్గర నుంచి సన్నటి తీగ పంపి ఇప్పుడే తెరవాలి. మీరు ఒప్పుకోవాలండీ."

తీగ. గుండెలోకి.

కిరీటం మీద ఎంత మమకారమున్నా దానికీ ఒక హద్దుంటుంది. సత్తయ్య లేచి కూర్చోబోయాడు.

"ఆగుండ్రి సార్. ఇగ నాతోని కాదు. కిరీటం చెన్నయ్యనే పెట్టుకోనీ. నేను రోగిని కాదు, వేషగాణ్ని. మీ డ్రిల్లుకొచ్చిన."

డాక్టరు చేతిలోని కాగితం వైపు ఒకసారి చూశాడు. తర్వాత మాధవీలత వైపు తిరిగాడు.

"డ్రిల్లేంటి సిస్టర్?"

మాధవీలత అనంతమ్మ వైపు చూసింది. అనంతమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

ఆ ఆస్పత్రిలో డ్రిల్లు అనేదే లేదు. వారం నుంచి గట్టు మీద ఆగి ఆగి రొమ్ము పట్టుకుంటూ, దవాఖానకు రమ్మంటే ససేమిరా అంటున్న మనిషి కోసం అత్తా మేనకోడలూ కూడబలుక్కుని ఆడిన ఆటలో, వేషం కట్టనివాడు సత్తయ్య ఒక్కడే.