ఎర్ర దీపం ఆరేదాకా

“బానెట్ తెరిచావా?”

“తెరిచానండీ,” అందామె, ఫోన్‌ను కారు అంచున జాగ్రత్తగా ఆనించి.

“పక్కనున్న నల్ల డబ్బా మూత తీస్తే ఫ్యూజులుంటాయి. తెల్ల పెయింటు చుక్క పెట్టిన దాన్ని పీకెయ్.”

ఆయన చేత్తో పెట్టిన చుక్క. ఆమె దాన్ని వేలితో ఒకసారి తడిమింది. ఫ్యూజు పీకి ఎడమ గుప్పిట్లో బిగించింది.

“అది లేకపోతే పెట్రోలు అందదు, బండి స్టార్టవదు. మనకు కావాల్సిందీ అదే. ఆయిల్ కొత్తది పోశాను, ఫిల్టరూ కొత్తదే. ఆయిలంతా అడుగునే ఉంది. అది పైదాకా ఎక్కకముందే ఇంజన్ అంటుకుంటే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుపోతాయి.”

మెకానిక్ కదా, ఆయన నోరు విప్పితే బండి గురించే. మిగతా అన్నిటికీ ‘ఊఁ’తో సరి. ఫోన్‌లో ఆయన వెనక షెడ్డులో ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు.

“తమ్ముడు ఇంకాసేపట్లో బండి కొనేవాళ్లని తీసుకొస్తాడండీ. వద్దంటే, ‘నడపని బండి దేనికక్కా, తుప్పు పట్టడానికా’ అని నా నోరు మూయించాడు. ఏం చెయ్యమంటారు?”

“తొందరపడకు. ముందు సెల్ఫ్ కొట్టు. కాసేపు కొట్టి ఆపు. మళ్లీ కొట్టు.”

“నేనేం అడుగుతున్నాను, మీరేం చెబుతున్నారు!”

విసుక్కుంటూనే ఫోన్ తీసుకుని సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజన్ కిర్రుకిర్రుమంది, అంటుకోలేదు.

“ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం ఆరిందా?”

“లేదు.”

“ఆరకపోతే కంగారుపడకు, కాస్త ఆగి మళ్లీ కొట్టు. భయపడుతున్నావు కదూ? నాకు తెలుసులే.”

ఆమె కళ్లు తుడుచుకుంది. తిప్పగా తిప్పగా దీపం ఆరింది.

“ఆరిందండీ!” చిన్నపిల్లలా అరిచింది.

“ఇప్పుడు ఫ్యూజు దాని చోట పెట్టేసి స్టార్ట్ చెయ్. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టావో, ఊరుకోను.”

దిగి ఫ్యూజు పెట్టి వచ్చి తాళం తిప్పింది, యాక్సిలరేటర్ జోలికి పోలేదు. ఇంజన్ ఒక్క ఊపులో అందుకుంది. ఇన్నాళ్లూ మూలన పడున్న బండి అంటే ఎవరూ నమ్మరు.

“చప్పుడు మెత్తగా ఉందా? ఉంటే నువ్వు గెలిచినట్టే. అంతే. ఇంక నీకు నా అవసరం లేదు.”

“అలా అనకండి. బండి అమ్మేయనా, వద్దా? ఒక్క మాట చెప్పండి. మీరు వద్దంటే తమ్ముడితో నేనే పోట్లాడతాను.”

ఫోన్‌లో ఆయన గొంతుతోపాటు సుత్తి చప్పుడూ ఆగిపోయింది.

గేటు తెరుచుకుంది. “అక్కా, బండి స్టార్టయిందే! తాళాలు తీసుకుని ఇలా రా, వీళ్లు వచ్చేశారు.”

ఆమె ఇంజన్ ఆపింది. కారు తలుపులు లోపలినుంచి లాక్ చేసుకుంది. బయట తమ్ముడు అద్దం మీద కొడుతూ ఏదో అంటున్నాడు. ఆమె అటు చూడకుండా ఫోన్ మీద వేలు ఆనించింది.

“బానెట్ తెరిచావా?” అని, పోయిన మనిషి గొంతు మళ్లీ మొదట్నుంచి అడిగింది.