ఇంగ్లండు పిట్టకు లైకులెన్ని?

ఇంగ్లండు నుంచి అడవికొచ్చిన ఓ పాటల పిట్ట ఎప్పుడో ముసలిదై చనిపోయింది. అది కూర్చుని పాడిన కొమ్మను మాత్రం జంతువులన్నీ దాని గుర్తుగా ఖాళీగా ఉంచాయి.

ఓ రోజు కుర్ర కోతికి ఎవరో పారేసుకున్న ఫోను దొరికింది. "చూశారా! ఈ ఫోనులో ఎంత వెతికినా ఆ పిట్ట పాటకు ఒక్క లైకూ లేదు. లోకం దాన్ని మరిచిపోయింది. ఆ కొమ్మ నాకిచ్చేయండి!" అంది.

"నిజమేనేమో" అని తాబేలు దిగులుపడింది.

అంతలో ఎలుక పిల్లలు ఏడుపు లంకించుకున్నాయి. వాటిని ఊరుకోబెట్టడానికి తల్లి ఎలుక ఆ పిట్ట పాటే ఎత్తుకుంది. కప్పలు వంత పాడాయి. ఎలుగుబంటి పొట్ట మీద దరువేసింది. కోతి కూడా గంతులేస్తూ చరణాలన్నీ పాడేసింది.

"ఏమోయ్, నువ్వు పుట్టకముందే పోయిన పిట్ట పాట నీకెలా వచ్చు?" అంది తాబేలు.

"మా అమ్మమ్మ నేర్పింది" అనేసి, కోతి నాలుక కరుచుకుంది. ఆ తర్వాత పకపకా నవ్వి, పాట మళ్లీ మొదటి నుంచి అందుకుంది.