నల్లబడిన వేలు

ఆ పోలింగ్ రోజు పొద్దున సీతాఫల్‌మండిలోని ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. మంచం మీద ఎనభై ఆరేళ్ల కాంతమణి, గడ్డం గీసుకుంటున్న కొడుకు రిచర్డ్, తొలి ఓటుకు ముస్తాబవుతున్న మనవరాలు క్యారల్.

తలుపు చప్పుడైంది.

నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ.

"ఈ గల్లీలో ఇళ్లకొచ్చి ఓట్లు వేయించారట, నిజమేనా?"

"నిన్ననే వేసేశానమ్మా," కాంతమణి గర్వంగా వేలు చూపించింది. "మెషిన్ తెచ్చారు. మీట నొక్కితే కుయ్‌మంది."

ఆవిడ ముఖం వాడిపోయింది.

"పెద్దవాళ్ల ఇంటి ఓటుకి బ్యాలెట్ కాగితం ఇస్తారు, మెషిన్ తేరు. మీరు బూత్‌కు రాకుండా ఉత్తుత్తి ఓటుతో మోసం చేశారు. మీ ఓటు ఇంకా పడలేదు."

కాపురానికొచ్చిన నాటి నుంచి కాంతమణి ఒక్క ఓటూ పోనివ్వలేదు.

"ఇప్పుడే నాతో రండి. ఈ సిరా పూసినప్పుడు ఊదాగా ఉండి, తర్వాత నల్లబడుతుంది. పోలింగ్ ఇప్పుడే మొదలైంది, మీ వేలు అప్పుడే నల్లగా ఉంది. నిన్నటిదని నేను ఆఫీసరుకు చెప్తాను. ఆలస్యమైతే అందరి వేళ్లూ ఒకేలా ఉంటాయి."

రిచర్డ్‌కు చిర్రెత్తింది.

"నిన్నొచ్చినోళ్లకు నేనే చాయ్ తాపిన. మెడల ఐడీ కార్డులు సుత ఉన్నయి. నువ్వు ఏ పార్టీ మేడమ్? సిరా సంగతి నీకేం ఎరుక?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. అతను మెట్లు చూపించాడు.

కాంతమణికి కాలు నిలవలేదు. లేచింది, కూర్చుంది, వేలిని కొంగుతో రుద్దింది.

క్యారల్ ఓటేసి వచ్చింది. ఆమె వేలి మీద ఊదా గీత!

"ఒరే, నన్ను తీసుకుపోరా."

"జెర ఆగమ్మా. తిన్నంక చూద్దాం."

తిన్నాక అతను గుర్రుపెట్టాడు. చివరికి క్యారలే ఆటో పిలిచింది.

పోలింగ్ ముగిసే వేళైంది. గది ముందు వరుస లేదు. ఆఫీసరు కాంతమణి వేలు చూశాడు.

"ఓటేసినవ్ కదమ్మా."

"ఇది నిన్నటిది బాబూ!"

"ఇప్పుడు అందరివీ నలుపే. ఎట్ల నమ్మాలె? పొద్దుగాల ఊర్మిళ మేడం మీ గల్లీ ముసలోళ్లను ఇద్దరిని తోలుకొచ్చింది. ఆమె చెప్తే వాళ్లతోని ఓటేయించినం. మీ ఇంటికి రాలేదా?"

"గుడ్డసంచి ఆవిడా? వచ్చింది... ఎవరు బాబూ ఆవిడ?"

"ల్యాబ్ నౌకరీ ఇడిచిపెట్టి ఇట్ల గల్లీలు పట్టుకొని తిరుగుతున్నది గానీ, ఈ సిరా తయారుచేసిన సైంటిస్టు ఆమెనే అమ్మా," అంటూ అతను తలుపు మూశాడు.