మూడో ఉత్తరం

“మన వెబ్‌సైటుకి దొంగ లింకులు పెట్టింది ఎవరో గిట్టనివాళ్లని రాయి,” అంది అక్క.

సైటును మళ్లీ చూపించమని సెర్చి కంపెనీకి మూడోసారి ఉత్తరం రాస్తున్న తమ్ముడి వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. సెర్చిలో పైకి ఎక్కడానికి డబ్బిచ్చి వేరే సైట్లలో పెట్టించే అలాంటి లింకులు పట్టుబడితే, కంపెనీ ఆ సైటునే తీసేస్తుంది. అలా, చక్రాల కుర్చీలు రిపేరు చేసే ఈ అక్కాతమ్ముళ్ల షాపు సెర్చిలో కనబడకుండా పోయి నలభై రోజులైంది. షాపు ఫోను మోగడం మానేసింది.

“రెండుసార్లూ అదే రాశాం. కుదరదన్నారు.”

“అయితే సైటు కట్టినవాడి మీదికి తోసెయ్. ఇప్పుడు ఊళ్లో లేడుగా.”

అతను రాసిందంతా చెరిపేశాడు. ‘ఆ లింకులు కొన్నది నేనే. మూడొందల పన్నెండు. అన్నీ తీయించాను’ అని కొట్టి, స్క్రీను అక్కవైపు తిప్పాడు.

అక్క చదివింది. మళ్లీ చదివింది. తిట్లకు సిద్ధపడి అతను తల దించుకున్నాడు.

“కింద నా పేరు కూడా పెట్టు,” అంది. “అప్పట్లో మన షాపు వారంలోనే సెర్చిలో మొదటి పేజీకి ఎక్కినప్పుడు, ఎలా ఎక్కాంరా అని నేనూ అడగలేదు.”